‘బాగుంది మావా’ అన్న తర్వాత

బెజవాడ గాంధీనగర్‌లో సెకండ్ షో వదిలాక టీ బండి దగ్గర పది నిమిషాలు నిలబడితే, సినిమా మీద మన మాటలు ఎలా నడుస్తాయో తెలిసిపోతుంది. "ఫస్టాఫ్ సూపర్ మావా." "సెకండాఫ్ లాగ్ కొట్టింది." "ఆర్.ఆర్. మాత్రం కుమ్మేశాడు." (ఆర్.ఆర్. అంటే రీరికార్డింగ్, నేపథ్య సంగీతం.) ఆ మూడు ముక్కలూ అయ్యాక మాట కలెక్షన్ల మీదికి మళ్లుతుంది. నైజాం (తెలంగాణ) ఎంత, సీడెడ్ (రాయలసీమ) ఎంత, కృష్ణా ఎంత, గుంటూరు ఎంత. కృష్ణాని ఒక ఏరియాగా, గుంటూరుని ఇంకో ఏరియాగా పెట్టి సినిమాలు అమ్మే చోట పుట్టినవాళ్లం, ఆ లెక్కలు మన నోట్లో ఆడక తప్పదు. కాకపోతే గ్రాస్‌కీ షేర్‌కీ తేడా తెలియకుండా కొట్టుకునేవాళ్లే ఎక్కువ. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులోంచి పన్నులూ థియేటర్ అద్దెలూ పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. అదంతా వ్యాపారం. సినిమా ఎందుకు నచ్చిందో దాంట్లో దొరకదు.

ఈ పోస్టు ఆ ‘ఎందుకు’ గురించి. ఇద్దరు స్నేహితులు తమకి ప్రాణమైన సినిమాని ముందేసుకుని విప్పి చూడాలంటే ఏం కావాలి, ఎక్కడ చెడుతుంది అన్నది. ఇద్దరే ఎందుకంటే ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. మూడో మనిషి వచ్చాడంటే అది సభ అయిపోతుంది. నియమం ఒకటే: ముందు లెక్క, తర్వాత అభిప్రాయం. లెక్క లేని అభిప్రాయం మీద వాదించడం మొదలుపెడితే తెల్లారేదాకా సాగుతుంది కానీ ఎవరూ అంగుళం కదలరు.

మొదటి పని, జ్ఞాపకాన్ని నమ్మకపోవడం. మాయాబజార్ నాకు కంఠతా వచ్చు అనే మీ స్నేహితుణ్ణి, అందులో ధర్మరాజు వేషం ఎవరు వేశారో అడగండి. కాసేపు తల గోక్కుని ఎవరో ఒకరి పేరు చెప్పే అవకాశం బాగా ఉంది. ఆ సినిమాలో పంచపాండవులు తెరమీద అసలు కనబడరు. కథంతా వాళ్ల ఇంటి పెళ్లి చుట్టూ తిరుగుతుంది, ఘటోత్కచుడు వస్తాడు, సుభద్ర వస్తుంది, అభిమన్యుడు వస్తాడు, వాళ్లు మాత్రం రారు. లేనివాళ్లని చూసే మనిషికి ఆ నలుపు తెలుపు సినిమాలో ఏం కనబడిందో ఖచ్చితంగా గుర్తుంటుందని ఎలా అనుకుంటాం? అందుకే సినిమా ఎదురుగా లేకుండా విశ్లేషణ పెట్టుకోకండి.

రెండోది, ఇద్దరూ చూసేది ఒకే కాపీయా కాదా. ఇక్కడే సగం గొడవలు పుడతాయి. 1957 మాయాబజార్‌ని అప్పటి చదరానికి దగ్గరగా ఉండే ఫ్రేములో తీశారు, వెడల్పు ఎత్తుకి దాదాపు 1.37 రెట్లు. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు దాన్ని వెడల్పు తెరకి, అంటే 2.35 కొలతకి మార్చారు. బొమ్మని పక్కలకి సాగదీయకుండా ఆ కొలతలో ఇమడ్చాలంటే పైనా కిందా కలిపి ఎత్తులో నలభై శాతానికి పైగా పోవాలి. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ నటుల తల పైన వదిలిన ఖాళీ, కాళ్ల కింద చూపించిన నేల, ఇవన్నీ దాంట్లోవే. ఒకడు నలుపు తెలుపు చూసి, ఇంకొకడు రంగుల్లో చూసి కెమెరా పనితనం మీద వాదించుకుంటే ఇద్దరూ చెరో సినిమా గురించి మాట్లాడుతున్నట్టే.

వెడల్పు సినిమాలకి ఇదే తిరగబడుతుంది. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్. అలాంటి సినిమాని పాత డబ్బా టీవీ కొలతకి కోసిన కాపీలో అటూ ఇటూ కలిపి నలభై శాతానికి పైగా బొమ్మ ఉండదు. ఇప్పటి టీవీకి నింపి కోసినా పాతిక శాతం దాకా పోతుంది. గుంపు సీనులో ఒక్క మనిషే ఉన్నాడేమిటి, డైరెక్టర్‌కి ఫ్రేము నింపడం రాదా అని తేల్చేసే ముందు, కోసింది డైరెక్టరా, ఎక్కించినవాడా అని చూసుకోవాలి.

శివ సంగతి ఇంకోరకం. 1989 సినిమా 2025లో మళ్లీ థియేటర్లకి వచ్చినప్పుడు 4కె బొమ్మతో, డాల్బీ అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినబడే సౌండ్ పద్ధతి) కోసం కొత్తగా చేసిన సౌండ్‌తో వచ్చింది. ఆ సినిమాకి సౌండే ఆయువుపట్టు కాబట్టి, ఏ సౌండ్ విని మాట్లాడుతున్నారో ముందే చెప్పుకోవాలి.

టీవీ ప్రసారం నుంచి పట్టి ఎక్కించిన కాపీలతో ఇంకో చిక్కు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతి 25. ఒక్క ఫ్రేమే కదా అనుకుంటాం, మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు కురచ అవుతుంది, శ్రుతి కూడా కొంచెం పైకి లేస్తుంది. శంకరాభరణంలో బాలు గొంతు ఏ శ్రుతిలో ఉందో హార్మోనియం పెట్టుకుని చూసేవాళ్లుంటే ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంక టీవీ సెట్టింగులు. బొమ్మ కొలతని ‘ఒరిజినల్’ మీదో ‘జస్ట్ స్కాన్’ మీదో పెట్టండి, ‘జూమ్’ వద్దు. నల్ల పట్టీలు కనబడితే డబ్బులు దండగ అనుకోకండి, అవి ఉండాలి. మోషన్ స్మూతింగ్ అనేదాన్ని ఆపేయండి. లేని ఫ్రేముల్ని టీవీ సొంతంగా పుట్టించి మధ్యలో ఇరికిస్తుంది, అప్పుడు సావిత్రి నడక కూడా సీరియల్ నడకలా జారిపోతున్నట్టు ఉంటుంది. కొన్ని కంపెనీలు దీన్ని వేరే పేర్లతో పిలుస్తాయి, పిక్చర్ మెనూలో లోపలికెళ్లి వెతకాలి.

కాపీ కుదిరాక సీను ఎంచుకోవాలి. సినిమా మొత్తం ఒక రాత్రిలో విశ్లేషిస్తాం అంటే కుదరదు. ఐదు నుంచి ఏడు నిమిషాల సీను ఒకటి చాలు. దాన్ని మూడుసార్లు చూడాలి. ఒకసారి మామూలుగా. రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి. మూడోసారి తెర వైపు వీపు పెట్టి, వినడం మాత్రమే. ఈ మూడోదాన్ని అందరూ ఎగ్గొడతారు, అసలు పని అక్కడే ఉంది. ముత్యాల ముగ్గు (1975)లో కాంట్రాక్టర్ పొద్దుటి సూర్యుణ్ణి చూసి ఆకాశంలో హత్య జరిగినట్టుందని మురిసిపోయే సీను అలా విని చూడండి. ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా అది, బొమ్మ అంత బలమైంది. అయినా కళ్లు మూసుకుంటే రావు గోపాలరావు ఎక్కడ మాట సాగదీశాడో, ఎక్కడ తుంచాడో, ముళ్లపూడి వెంకటరమణ ఏ మాటని వాక్యం చివర పెట్టాడో విడివిడిగా వినబడతాయి. బొమ్మ ఉన్నప్పుడు ఈ పని కంటి చాటున జరిగిపోతుంది.

షాట్లు, అంటే ఒక కట్ నుంచి ఇంకో కట్ దాకా ఉండే ముక్కలు, లెక్కపెట్టడం ఇలా. ఒకరు తెర చూస్తూ ప్రతి కటింగ్‌కీ ‘కట్’ అనాలి. ఇంకొకరు కాయితం మీద నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత, అలా కట్టలు కట్టుకుంటూ పోవాలి. సీను నిడివిని సెకన్లలో రాసి షాట్ల సంఖ్యతో (సీను లోపలి కట్లకి ఒకటి కలిపితే అది) భాగిస్తే సగటు షాట్ నిడివి వస్తుంది. ఐదు నిమిషాల సీనులో అరవై షాట్లుంటే సగటున ఐదు సెకన్లు. ఇరవై ఉంటే పదిహేను. ‘స్పీడుగా ఉంది’, ‘నిదానంగా ఉంది’ అనే మాటలకి ఇది మొదటి తూకం. మొదటిది మాత్రమే, ఎందుకంటే ఇరవై షాట్ల సీను కూడా పరిగెత్తొచ్చు, నటులు ఫ్రేము లోపల కదులుతుంటే.

లెక్క ఎక్కడ తప్పుతుందంటే, ఒక మనిషి కూర్చునే కదలిక మధ్యలో కట్ చేసి దగ్గర షాట్‌కి వెళ్లినప్పుడు. కన్ను కదలిక వెంట పోతుంది, కట్ దాటిపోతుంది. మంచి ఎడిటర్ కోరుకునేదీ అదే. అనుమానం వచ్చిన చోట ఆపి ఒక్కొక్క ఫ్రేమూ ముందుకి నొక్కండి. కంప్యూటర్లో వీఎల్‌సీ అయితే ‘ఇ’ మీట, యూట్యూబ్ అయితే ఆపి ఉంచి ఫుల్‌స్టాప్ మీట, వెనక్కి కామా. ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి వచ్చే డిజాల్వ్‌ని ఒక్క కట్‌గానే రాయాలి. మొదటిసారి ఇద్దరి లెక్కా ఎలాగూ కలవదు. ఐదారు తేడా వస్తే మళ్లీ చేయండి, ఒకటో రెండో అయితే వదిలేయండి.

లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు కొట్టుకుంటే సరిపోతుంది: షాట్ నంబరు, సెకన్లు, లాంగా (దూరం) మిడ్డా (మధ్యస్థం) క్లోజా (దగ్గర), ఏం వినబడుతోంది. నాలుగో గడి ఖాళీగా ఉన్నా ‘నిశ్శబ్దం’ అని రాయండి. మ్యూజిక్ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది కానీ ఎక్కడ ఆగిందో మనం గమనించం.

ఇప్పుడు ఒక సీను దగ్గరగా. మాయాబజార్‌లో ప్రియదర్శిని పేటిక. తెరిచినవాళ్లకి ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు. బలరాముడికి దుర్యోధనుడు. రేవతికి నగలు. కృష్ణుడు తెరిస్తే శకుని. ఈ సీను మీద ఇద్దరి మాట ఇలా ఉండొచ్చు:

"ఏరా, దీన్ని ఇంత ఇదిగా చెప్తావేంటి? ఉత్త పరిచయం సీనేగా."

"పరిచయమే. మామూలుగా అయితే బలరాముడు దుర్యోధనుణ్ణి మెచ్చుకునే సీనొకటి, రేవతి డబ్బాశకి ఇంకోటి, ఇలా నాలుగు రాయాలి. ఇక్కడ ఒక్క పెట్టె మూత తీస్తే పనైపోయింది. అందరూ ఒకే గదిలో ఉన్నారు, ఒకరి గుట్టు ఇంకొకరి ముందే బయటపడింది."

"బానే ఉంది. మరి కృష్ణుడికి శకుని ప్రియమా?"

"అది చెప్పు చూద్దాం."

అక్కడ ఆగిపోవాలి, ఎందుకంటే నిజమైన ప్రశ్న అదే. పేటిక చూపించేది ఇష్టమైనదాన్నా, మనసులో తిరుగుతున్నదాన్నా? ఇష్టమైనదే అంటే కృష్ణుడి విషయంలో సూత్రం తప్పింది. మనసులో ఉన్నది అంటే మిగతా ముగ్గురికీ కొత్త అర్థం వస్తుంది: బలరాముడు దుర్యోధనుణ్ణి ప్రేమిస్తున్నాడా, లేక వాడి మాయలో ఉన్నాడా? పాచికల కథ రాబోతోందని కూడా ఆ ఒక్క బొమ్మతో ముందే తెలిసిపోతుంది. నా మటుకు రెండోదే సరి అనిపిస్తుంది. డైరెక్టర్ కె.వి. రెడ్డి స్క్రిప్టు ఎంత బిగించి రాయించుకుంటాడో తెలిసినవాళ్లెవరూ దాన్ని పొరపాటు అనరు. మీ స్నేహితుడు ఒప్పుకోకపోతే నోట్‌బుక్ తీసి, ప్రతి ఒక్కరూ పేటికలోకి చూసినప్పుడు మొహం మీద షాట్ ఎన్ని సెకన్లుందో చూడండి. వాదన మీ మీ ఇష్టాల్లోంచి సినిమాలోకి వస్తుంది.

అదే సినిమాలో సావిత్రి మాయా శశిరేఖ, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. "అచ్చం ఎస్వీఆర్‌లా చేసింది" అని అందరం అనేస్తాం. అచ్చం అనాలంటే ముందు ఎస్.వి. రంగారావు ఏం చేశాడో రాసుకుని ఉండాలి. ఘటోత్కచుడు కనబడే ఓ మూడు నిమిషాలు సౌండ్ లేకుండా చూసి ఐదు విషయాలు రాయండి: పాదం ఎలా వేస్తాడు, భుజాలు ఎక్కడుంచుతాడు, కనుబొమ్మ, నవ్వు ఎక్కణ్ణుంచి మొదలవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు చేతులు ఏం చేస్తాయి. తర్వాత సావిత్రి సీనుకి వెళ్లి ఒక్కొక్కటీ టిక్కు పెట్టండి. అన్నీ టిక్కు పడవు. పడనివే ఆసక్తికరం, ఎందుకంటే అనుకరణకీ నటనకీ తేడా అక్కడ దొరుకుతుంది. అంత పెద్ద ఒంటికి నప్పిన కదలికని సన్నటి ఒంటిమీద ఉన్నదున్నట్టు పెడితే హాస్యం కాదు, వెకిలి అవుతుంది. ఏది ఉంచుకుంది, ఏది కుదించింది, ఏది వదిలేసింది అన్నది ఆవిడ తీర్పు.

‘అహ నా పెళ్లియంట’ పాటలో ఇంకో పరీక్ష. ఆడగొంతు సుశీలది, మగగొంతు ఘంటసాలది, రెంటికీ పెదవులు సావిత్రివి. గొంతు మారే ప్రతి చోటా ఆపి, మొహం గొంతుకంటే ముందు మారిందా, దాంతోపాటా, తర్వాతా అని ఫ్రేము ఫ్రేముగా చూడండి. పాట ముందే రికార్డయి, సెట్లో ప్లేబ్యాక్ వేసి తీస్తారు కాబట్టి ఏ చోట గొంతు మారుతుందో ఆవిడకి తెలుసు. మొహం ముందే మారితే ఘటోత్కచుడు లోపల్నుంచి తన్నుకొచ్చినట్టు. తర్వాత మారితే నటి టేపుని అనుసరిస్తున్నట్టు. ఇలాంటి చోట ‘మహానటి’ అన్న మాట బిరుదుగా కాకుండా కొలతగా వినబడుతుంది. చిర్రావూరులో పుట్టిన మనిషి కాబట్టి గుంటూరువాళ్లకి ఆ బిరుదు మీద ఎలాగూ హక్కుందనుకోండి, ఆ అభిమానాన్ని టిక్కుల దగ్గర మాత్రం పక్కన పెట్టాలి.

శివకి వస్తే, బెజవాడవాళ్లు దాన్ని మన సినిమా అంటారు. రామ్‌గోపాల్ వర్మ ఇంజినీరింగ్ చదివింది ఇక్కడి సిద్ధార్థలోనే, కాలేజీ గొడవల వాసన ఇక్కడిదే అని. ఉండొచ్చు. అది సినిమాని మెచ్చుకోవడానికి పనికొస్తుంది కానీ విప్పడానికి పనికిరాదు. సైకిల్ చైన్ తెంపే సీను తీసుకోండి. మొదటి దెబ్బ పడినప్పట్నుంచి చైన్ చేతికొచ్చేదాకా ఎన్ని సెకన్లో చూడకుండా అంచనా వేసి చెరో కాయితం మీద రాయండి. తర్వాత గడియారంతో చూడండి. అంచనా ఎంత తప్పితే సీను అంత బాగా పనిచేసినట్టు.

సైకిల్ మీద పాపతో శివ సందుల్లో పారిపోతుంటే కారు వెంటపడే చోట కెమెరా కదలికని గమనించండి. ఎస్. గోపాలరెడ్డి కెమెరా, స్టెడీక్యామ్‌ని (కెమెరామన్ ఒంటికి కట్టుకుని కుదుపు లేకుండా నడిచే పరికరాన్ని) మనవాళ్లు పేరుపెట్టి చెప్పుకోవడం మొదలుపెట్టింది ఈ సినిమాతోనే. ప్రతి కదిలే షాటూ స్టెడీక్యామ్ అనేయడం మామూలు తప్పు. గుర్తుపట్టే పద్ధతి ఇది: ట్రాలీ (పట్టాల మీద తోసే బండి) అయితే దారి ఎక్కువగా తిన్నగా ఉంటుంది, మొదలూ ఆగడమూ మెత్తగా ఉంటాయి, గుంతలూ మెట్లూ దాటదు. చేత్తో పట్టుకుంటే అడుగడుక్కీ చిన్న కుదుపు, గోడ అంచులు వణుకుతాయి. స్టెడీక్యామ్ అయితే కుదుపు ఉండదు కానీ మలుపులు తిరుగుతుంది, ఆగిన చోట బొమ్మ నీళ్లలో పడవలా కొంచెం ఊగుతుంది. ఆ ఊగడమే ఆనవాలు. వాహనం మీద బిగించిన కెమెరా నాలుగోది: ముందున్నది కదలదు, వెనకున్న లోకం పారిపోతుంది. వెంటపడే సీనంతా నోట్‌బుక్‌లో ఈ నాలుగింటిలో ఏదో రాసుకుంటూ పోతే, భయం ఏ షాట్లలో పెరిగిందో దాని పక్కనే కారణం కనబడుతుంది.

ఒక మాట ‘లాగ్’ గురించి. ఈ మాట తిట్టుగా వాడేస్తున్నాం. నిదానం వేరు, లాగ్ వేరు. అరనిమిషానికొకసారి ఆపి, ఈ ముప్పై సెకన్లలో నాకు కొత్తగా ఏం తెలిసింది అని ఒక ముక్క రాయండి. కథే అక్కర్లేదు, మనిషి గురించి అయినా, చోటు గురించి అయినా సరే. వరసగా నాలుగు గళ్లు ఖాళీ అయితే అది లాగ్. శంకరాభరణం (1980) ఇలా పరీక్షించండి. తీరిగ్గా నడిచే సినిమా, గళ్లు మాత్రం నిండుతూనే ఉంటాయి. పాటలకి ఈ పరీక్ష పెట్టకండి. పాటలో కొత్త సంగతి రాదు, ఉన్నదే ముదురుతుంది.

అదే సినిమాతో పని పంచి చూడటం కూడా అలవాటు చేసుకోవచ్చు. శంకరశాస్త్రి అనగానే సోమయాజులు. కానీ పాడేటప్పుడు గొంతు బాలుది, బాణీ మహదేవన్‌ది, సాహిత్యం వేటూరిది, మాటలు జంధ్యాలవి, వెలుగు బాలు మహేంద్రది, అన్నిటి మీదా విశ్వనాథ్ చెయ్యి. "సోమయాజులు అదరగొట్టాడు" అన్నప్పుడు ఆ ‘అదరగొట్టడం’లో ఆయన వాటా ఏదో చెప్పమనండి. కూర్చున్న తీరు, మెడ నిలిపిన తీరు, మాట ముందు తీసుకునే ఆ కాస్త వ్యవధి. ఇలా చెప్పగలిగితే మెచ్చుకోలు నిలబడుతుంది.

చెడిపోయే చోట్లు మూడు. కథ చెప్పుకుంటూ పోవడం మొదటిది. ఇద్దరూ చూసిన సినిమా కథ ఇంకోసారి చెప్పడం ఎవరికి? రెండోది ఇంటర్వ్యూల్లో విన్నవి తెచ్చి పెట్టడం. డైరెక్టర్ ఇలా అనుకున్నాడట అంటే ఒప్పుకోవద్దు, తెరమీద ఎక్కడుందో చూపించమనండి. మూడోది హీరోల గొడవ, దాని గురించి బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దానికి మందు ఒకటుంది. ఎవరి ఇష్టమైన సినిమాలో వాళ్లే రెండు లోపాలు పట్టుకురావాలి, అవతలివాడి సినిమాలో రెండు మంచి షాట్లు చెప్పాలి. చెప్పలేకపోతే బజ్జీల బిల్లు వాళ్లదే. మొదటి వారం ఉత్తుత్తి లోపాలు తెస్తారు, ‘నిడివి ఎక్కువ’ లాంటివి. ఎక్కడ, ఎన్ని నిమిషాలు అని అడిగితే దారికొస్తారు.

ఒకరు గుంటూరు బ్రాడీపేటలో, ఒకరు బెజవాడ పటమటలో ఉండి ఫోన్లోనే మాట్లాడుకునే పక్షంలో ఒక జాగ్రత్త. ‘గంటా పన్నెండో నిమిషం దగ్గర’ అని టైము చెప్పుకోవద్దు. ఒక కాపీలో ముందు కంపెనీ లోగోలు రెండు నిమిషాలుంటాయి, ఇంకోదాంట్లో పాట ఎగిరిపోయి ఉంటుంది. సీనులో మొదటి డైలాగు చెప్పి అక్కడ ఆపుకోండి, ఇద్దరూ ఒకటి, రెండు, మూడు అని నొక్కండి. ఒకరి టీవీ సౌండ్ ఇంకొకరి ఫోన్లోకి వెళ్తే అరక్షణం ఆలస్యంగా ప్రతిధ్వని వస్తుంది, కట్లు లెక్కపెట్టేవాడు తికమక పడతాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, మైకు మ్యూట్‌లో ఉంచి ‘కట్’ అనాల్సినవాడు మాత్రం తెరుచుకోండి.